కొత్త మ్యాక్ మినీ వస్తుందంట, ఆగాలా కొనేయాలా: తేల్చుకోవడం ఎలా

మ్యాక్ మినీ, అంటే మానిటర్ లేకుండా వచ్చే యాపిల్ చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్, కొందామని డబ్బు సర్దుకున్నాక చాలామంది ఒకటే ప్రశ్న దగ్గర నెలల తరబడి నిలబడిపోతుంటారు: "ఎం5ది వచ్చేస్తుందంటగా, ఇప్పుడు ఎం4ది కొంటే బుక్కైపోతామా?" ఇది రాస్తున్న 2025 డిసెంబర్ నాటికి షాపుల్లో ఉన్న మినీ 2024 నవంబర్‌లో వచ్చిన, యాపిల్ సొంత ఎం4 చిప్ ఉన్నదే. దాని తర్వాతి తరం ఎం5 చిప్ మాత్రం అక్టోబర్‌లోనే 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో, ఐప్యాడ్ ప్రోలో వచ్చేసింది. ఇంకేముంది, యూట్యూబ్ నిండా ఊహాగానాలు. ఇదిగో వస్తోందని ఒకరు, వేసవికని ఒకరు, ధర తగ్గుతుందని ఇంకొకరు.

వీటిలో పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, బొత్తిగా పనికిరానివి చాలా ఉన్నాయి. వరసగా కొన్ని పనులు చేస్తే ఒక సాయంత్రంలో మీ సంగతి మీకే తేలిపోతుంది. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: మినీ విషయంలో అందరూ చిప్ పేరు చూసి ఆగుతారు, కానీ నాలుగేళ్ల తర్వాత ఏడిపించేది కొన్న రోజు తక్కువ తీసుకున్న మెమరీయే (ర్యామ్).

1. ముందు మీ దగ్గరున్న కంప్యూటర్‌లో ఇబ్బంది ఎక్కడుందో పట్టుకోండి

రూమర్లు చదవడానికి ముందే చేయాల్సిన పని ఇది, చాలామంది వదిలేసేదీ ఇదే. మీరు రోజూ వాడేవన్నీ మామూలుగా తెరిచి పెట్టండి, అంటే క్రోమ్‌లో అలవాటైన 30, 40 ట్యాబ్‌లు, వాట్సాప్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఏదుంటే అది. ఓ గంట పని చేసుకోండి. పాత మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడ "ఇంత వాడుతోంది" అని చూపించే అంకె చూసి కంగారు పడక్కర్లేదు, ఆ అంకె ఒక్కదాన్నిబట్టి ర్యామ్ చాలట్లేదని చెప్పలేం. చూడాల్సింది అడుగున ఉండే మెమరీ ప్రెషర్ గ్రాఫ్. పచ్చగా ఉంటే ర్యామ్ సరిపోతోంది, పసుపులోకి వెళ్తుంటే ఇరుకుగా ఉంది, ఎరుపైతే ఇక చాలదు. పక్కనే స్వాప్ యూజ్డ్ అని ఇంకో అంకె ఉంటుంది. అది కొన్ని జీబీలకు చేరి పని చేస్తున్నకొద్దీ ఇంకా పెరుగుతోందంటే, ర్యామ్ చాలక స్టోరేజ్ డ్రైవ్ అయిన ఎస్‌ఎస్‌డీలో చోటు అరువు తెచ్చుకుంటోందన్నమాట.

విండోస్ వాడుతున్నవాళ్లు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి పెట్టుకోండి. పని నెమ్మదించిన ఆ క్షణంలో మెమరీ, సీపీయూ, డిస్క్‌లలో ఏది 100 శాతం దగ్గర కొట్టుకుంటోందో చూస్తే చాలు.

ఇప్పుడు ఒక కాగితం మీద ఒక్క లైన్ రాసుకోండి. "ర్యామ్ చాలట్లేదు" అనో, "డిస్క్ నిండిపోయింది" అనో, "వీడియో ఎక్స్‌పోర్ట్‌కి గంటలు పడుతోంది" అనో. డిస్క్ సమస్య అయితే కొత్త చిప్ కోసం ఆగడంలో అర్థమే లేదు. ర్యామ్ సమస్య అయితే మీ ప్రశ్న ఎం4నా ఎం5నా అన్నది కాదు, 16 జీబీనా 24 జీబీనా అన్నది. నిజంగా చిప్పే చాలట్లేదంటే అప్పుడు ఈ ఊహాగానాలు మీకు సంబంధించినవే, కానీ అక్కడా ఒక మెలిక ఉంది. ఎం చిప్‌లకు ముందు తరం ఇంటెల్ మినీ వాడుతున్నవాళ్లకు ఎం4కి మారితేనే ఆకాశమంత తేడా కనిపిస్తుంది, దాని పైన ఎం5 ఇచ్చేది కొసరు. 2018 నాటి ఇంటెల్ మినీకైతే 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో ఎక్కదు కూడా, దానికి ముందు వెర్షన్ సెకోయా దగ్గరే ఆగిపోయింది. ఇలాంటివాళ్లు ఆగే ప్రతి నెలా తమ పనిని తామే ఆలస్యం చేసుకుంటున్నట్టు.

2. పాత తేదీలు ఒకసారి వరసగా పెట్టి చూడండి

"ఈ మధ్యే రావాలి కదా" అనే మాట ఎంత నమ్మొచ్చో తెలియాలంటే మినీ చరిత్ర చూడాలి. ఇటీవలి మోడళ్లు ప్రకటించిన నెలలు ఇవి: 2012 అక్టోబర్, 2014 అక్టోబర్, 2018 అక్టోబర్, 2020 నవంబర్, 2023 జనవరి, 2024 అక్టోబర్. మధ్యలో ఉన్న ఆ నాలుగేళ్ల గ్యాప్ తీసేస్తే మిగతావన్నీ ఇంచుమించు రెండేళ్లకోసారి. ఆ లెక్కన తర్వాతిది 2026 ద్వితీయార్ధం చుట్టుపక్కల అనుకోవచ్చు, చిప్ ఇప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి కొంచెం ముందూ రావచ్చు. ఇంతకంటే గట్టిగా తేదీ చెప్పేవాళ్లను నమ్మకండి. యాపిల్ ప్రతి చిప్‌నీ మినీలో పెట్టాలని రూలేమీ లేదు, ఎం3తో మినీ అసలు రానే లేదు. 2023 చివర్లో "ఎం3 మినీ వచ్చేస్తుంది" అని కూర్చున్నవాళ్లు ఏడాది పాటు అలాగే కూర్చున్నారు.

ఆ నాలుగేళ్ల గ్యాప్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆగితే మంచిదే వస్తుందనే నమ్మకానికి దెబ్బ కొట్టింది అక్కడే. 2012 మినీ పై మోడళ్లలో నాలుగు కోర్ల ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ ఉండేది, అడుగున గుండ్రటి మూత తిప్పి తీస్తే ర్యామ్ మనమే మార్చుకోవచ్చు. ఇంకా మంచిది వస్తుందని రెండేళ్లు ఆగినవాళ్లకు 2014లో ఏం దొరికింది? రెండు కోర్ల ప్రాసెసర్లు మాత్రమే, ర్యామేమో బోర్డుకే అతికించేశారు. అన్ని కోర్లూ వాడుకునే పనుల్లో పాతదే వేగంగా ఉండేది, దాంతో 2012 ఐ7 మినీలకు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో గిరాకీ బాగా పెరిగింది. తర్వాత మూడేళ్లు ఏ కబురూ లేదు. 2017 అక్టోబర్‌లో ఒక కస్టమర్ మెయిల్‌కి టిమ్ కుక్ జవాబిస్తూ మినీకి తమ ప్రణాళికల్లో ముఖ్యమైన చోటే ఉందన్నారు, వివరాలు మాత్రం చెప్పలేదు. కంపెనీ పెద్దే ఆ మాట అన్నాక కూడా కొత్తది రావడానికి ఇంకో ఏడాది పట్టింది. వచ్చినప్పుడు ప్రారంభ ధర 499 డాలర్ల నుంచి 799కి ఎగిరింది.

ఇంకోటి, దగ్గరిదే. 2023 ఎం2 మినీ 256 జీబీ మోడల్‌లో యాపిల్ రెండు స్టోరేజ్ చిప్‌లకు బదులు ఒకటే వాడింది, దాంతో ఎస్‌ఎస్‌డీ వేగంలో దాని కంటే పాతదైన ఎం1 మినీయే ముందుంది. చిప్ కొత్తది కాబట్టి అన్నీ మెరుగవుతాయనుకోవడం మినీ విషయంలో రెండుసార్లు తప్పింది.

3. రూమర్‌ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత నమ్మాలో వేరుగా లెక్కేయండి

ఒక వార్తలో నాలుగు సంగతులు కలిపి ఉంటాయి: చిప్, డబ్బా ఆకారం, పోర్టులు, ధర. అన్నింటినీ ఒకే గాటన కట్టకండి.

చిప్ గురించిన మాట సాధారణంగా నిజమవుతుంది, ఎందుకంటే అది అప్పటికే వేరే మ్యాక్‌లో వచ్చి ఉంటుంది. డబ్బా ఆకారం గురించి వచ్చేవి మాత్రం సగం సగం. 2021లో మినీకి పైన ప్లెక్సీగ్లాస్ లాంటి మూత, అయస్కాంతంతో అతుక్కునే పవర్ కేబుల్ వస్తాయని రంగురంగుల బొమ్మలతో సహా ప్రచారం జరిగింది. 2023లో మినీ వచ్చింది, 2010 నాటి అదే 19.7 సెంటీమీటర్ల అల్యూమినియం డబ్బాలో. 2024లో మాత్రం బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థలో యాపిల్ సంగతులు రాసే విలేకరి మార్క్ గుర్మన్ ఆగస్టులోనే మినీ బాగా చిన్నదవుతుందని, యాపిల్ టీవీ పెట్టె సైజుకు దగ్గరగా ఉంటుందని రాశారు. అది చాలావరకు నిజమైంది. 12.7 సెంటీమీటర్ల చదరం అయింది, యాపిల్ టీవీ కంటే పెద్దదే అయినా దిశ సరిగ్గా చెప్పారు. పాత యూఎస్‌బీ-ఏ పోర్టులు పోతాయన్నదీ జరిగింది.

కాబట్టి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నవి రెండూ చూడాలి. విడుదలకు రెండు మూడు నెలల ముందు, గతంలో చెప్పింది జరిగిన మనిషి చెబితే చెవి ఒగ్గండి. ఏడాదిన్నర ముందు త్రీడీ బొమ్మలతో వస్తే చూసి ఆనందించండి, అంతవరకే. మ్యాక్‌ఓఎస్ బీటా కోడ్‌లో కొత్త మోడల్ గుర్తులు కనిపించడం, రష్యా, దాని పొరుగు దేశాల్లో అమ్మే పరికరాలు నమోదయ్యే యురేషియన్ ఎకనామిక్ కమిషన్ దగ్గర కొత్త మోడల్ నంబర్లు నమోదు కావడం, ఇవి కాస్త గట్టి ఆనవాళ్లు. యాపిల్ సైట్‌లో మినీ డెలివరీ తేదీ రోజుల నుంచి వారాలకు జరగడాన్ని కూడా కొందరు సూచనగా తీసుకుంటారు, కానీ ఇప్పుడు మెమరీ చిప్‌లకే కొరత నడుస్తోంది, దాని వల్ల కూడా ఆలస్యం కావచ్చు. ఆ ఒక్కటీ చూసి పొంగిపోకండి.

ధర గురించిన రూమర్‌ని పూర్తిగా పక్కన పెట్టండి. దానికి కారణం కింద చెబుతాను.

4. వచ్చిన చిప్‌ని బట్టి రాని మినీని మీరే అంచనా వేయండి

ఇది సరదాగా ఉండే భాగం, పైగా యూట్యూబ్ కంటే నమ్మకమైనది. ఎం5 మ్యాక్‌బుక్ ప్రో స్పెసిఫికేషన్ల పేజీ ఒక పక్క, ఎం4 మినీ పేజీ ఇంకో పక్క తెరవండి.

ఎం4లో 10 కోర్ల సీపీయూ, 10 కోర్ల జీపీయూ (గ్రాఫిక్స్ చూసుకునే భాగం). ఎం5లోనూ అంతే. ఒకేసారి అన్ని కోర్లూ వాడే పనుల్లో గరిష్ఠంగా 15 శాతం వేగం పెరిగిందని యాపిలే చెప్పింది. అంటే 20 నిమిషాలు పట్టే పని పదిహేడున్నర నిమిషాల్లో అవుతుంది, అదీ అంతా కలిసొస్తే. మెమరీ బ్యాండ్‌విడ్త్, అంటే చిప్‌కీ మెమరీకీ మధ్య డేటా కదిలే వేగం, సెకనుకు 120 జీబీ నుంచి 153 జీబీకి పెరిగింది. గరిష్ఠ మెమరీ రెండింటిలోనూ 32 జీబీయే. అసలైన కొత్తదనం జీపీయూలో ఉంది, ప్రతి కోర్‌లోనూ ఏఐ లెక్కలకు ప్రత్యేకంగా ఒక న్యూరల్ యాక్సిలరేటర్ పెట్టారు. ఎం5 మ్యాక్‌బుక్ ప్రోలో పోర్టులు థండర్‌బోల్ట్ 4 దగ్గరే ఉన్నాయి, వైఫై కూడా 6ఈ దగ్గరే ఆగింది. ఐఫోన్ 17లో వైఫై 7 ఇచ్చే సొంత చిప్ పెట్టారు కాబట్టి మినీకీ అది రావచ్చని ఆశపడొచ్చు, అది ఆశ మాత్రమే.

దీన్నిబట్టి ఎం5 మినీ ఎలా ఉంటుందంటే, నా అంచనాలో, ఇదే డబ్బా, ఇవే పోర్టులు, కొంచెం వేగం, ఏఐ పనులకు మాత్రం గట్టి మెరుగుదల. డిజైన్ మార్చి ఏడాదే అయింది, పాత డబ్బా 14 ఏళ్లు లాగిన కంపెనీ ఇంత త్వరగా మళ్లీ మారుస్తుందని నేననుకోను. అడుగున ఎడమ మూల పెట్టిన పవర్ బటన్ కూడా అక్కడే ఉంటుంది, తిట్టుకుంటూ అలవాటు పడాల్సిందే.

సొంత మెషీన్ మీద చాట్‌జీపీటీ లాంటి లాంగ్వేజ్ మోడళ్లు నడుపుకుందామని మినీ చూస్తున్నవాళ్లు హైదరాబాద్ ఐటీ కుర్రాళ్లలో ఈ మధ్య చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం ఇంకొంచెం. మోడల్ జవాబు రాసే వేగం ప్రధానంగా బ్యాండ్‌విడ్త్ మీద ఆధారపడుతుంది. ఎం4కి 120, ఎం5కి 153, కానీ ఎం4లోనే ఎక్కువ శక్తి ఉన్న రకం, ఇది రాసేనాటికే షాపులో దొరుకుతున్న ఎం4 ప్రోకి 273. కాబట్టి జవాబు వేగమే కావాలంటే రాబోయే మామూలు ఎం5 కంటే ఇప్పటి ఎం4 ప్రో చాలా ముందుంటుంది, దానికి 64 జీబీ దాకా మెమరీ కూడా పెట్టించుకోవచ్చు. పొడవాటి డాక్యుమెంట్లు ఇచ్చి చదివించే పనైతే మాత్రం ఎం5లోని కొత్త యాక్సిలరేటర్లు బాగా ఉపయోగపడతాయి, అప్పుడు ఆగడంలో లాభం ఉంది. ఇక ఎంత మెమరీ అన్నదానికి మోటు లెక్క ఒకటుంది: 800 కోట్ల పారామీటర్ల మోడల్ నాలుగు బిట్లకు కుదిస్తే సుమారు 5 జీబీ తింటుంది, 16 జీబీ మెషీన్‌లో హాయిగా నడుస్తుంది. 3000 కోట్ల పైవాటికి 20 జీబీ దాకా కావాలి, అంటే 32కి తక్కువైతే ఊపిరాడదు.

5. తర్వాత మార్చుకోగలిగేది ఏది, మార్చలేనిది ఏది

అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. కొన్నాక ర్యామ్ పెంచడం అసాధ్యం, ఎం సిరీస్‌లో మెమరీ చిప్ ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. తెలిసిన మెకానిక్ ఉన్నాడని, మార్కెట్‌లో చేయిస్తానని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 2024 ఎం4 మినీ నుంచి 16 జీబీ కనీసం కావడం పెద్ద ఊరట, అంతకుముందు ఎం2 దాకా 8 జీబీతోనే మొదలయ్యేది. వెబ్, ఆఫీస్ పని, కోడింగ్ నేర్చుకోవడం, ఫోటోల ఎడిటింగ్ వరకు 16 చాలు. ఎక్స్‌కోడ్, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్, డాకర్ అనే డెవలపర్ సాఫ్ట్‌వేర్లు మూడూ ఒకేసారి తెరిచే మనిషైతే 24 తీసుకోండి, అక్కడ కక్కుర్తి పడకండి.

స్టోరేజ్ కథ వేరు. ఎం4 మినీలో ఎస్‌ఎస్‌డీ బోర్డుకు అతికించలేదు, ఊడదీసే చిన్న మాడ్యూల్‌లా ఉంటుంది. అలాగని బజార్లో దొరికే మామూలు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చి గుచ్చితే పట్టదు, స్లాట్ యాపిల్ సొంతది, మాడ్యూల్ మీద ఉండేవి ఉత్త మెమరీ చిప్‌లు, కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంది. బయటి వాళ్లు తయారుచేసే మాడ్యూళ్లు దొరుకుతున్నాయి, కానీ మార్చాక ఇంకో మ్యాక్‌కి కేబుల్‌తో కలిపి డీఎఫ్‌యూ అనే రికవరీ మోడ్‌లో సిస్టమ్ మళ్లీ ఎక్కించాలి. ఎం4 మాడ్యూల్ ఎం4 ప్రోలో పట్టదు కూడా. చేయి తిరిగినవాళ్లకైతే సరే, ఇంట్లో ఒకే మ్యాక్ ఉన్నవాళ్లకు నేను చెప్పను.

మామూలు దారి ఏంటంటే బయట ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడం. 10 గిగాబిట్ల యూఎస్‌బీ డ్రైవ్ సెకనుకు సుమారు 1000 ఎంబీ ఇస్తుంది, దాని మీద నుంచి నేరుగా 4కె వీడియో ఎడిట్ చేసుకోవచ్చు. ఇంకా వేగం కావాలంటే వెనక థండర్‌బోల్ట్ పోర్టుకు యూఎస్‌బీ4 ఎన్‌క్లోజర్, అందులో మామూలు ఎన్‌వీఎంఈ వేసుకుంటే 3000 దాకా పోతుంది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు ఇది బాగా తెలుసు, 100 మెగాబిట్ల వేగంతో తీసిన 4కె ఫుటేజ్ గంటకు 45 జీబీ, రెండు కెమెరాలతో ముహూర్తం నుంచి అప్పగింతల దాకా తీస్తే 256 ఏంటి, 512 కూడా ఒక్క పెళ్లికి చాలదు. ఎలాగూ బయట డ్రైవ్ తప్పదు కాబట్టి ఆ డబ్బు లోపలి స్టోరేజ్‌కి కాకుండా ర్యామ్‌కి పెట్టండి.

ఒక చిన్న ఇరకాటం ఉంది. 256 జీబీలో సిస్టమ్, యాప్‌లు పోగా మిగిలేది తక్కువ, పైగా ఎక్స్‌కోడ్ సిమ్యులేటర్లు లాంటివి చెప్పాపెట్టకుండా పదుల జీబీలు మింగేస్తాయి. బయటి డ్రైవ్ పెట్టడానికి బద్ధకించే మనిషైతే 512 తీసుకోవడమే నయం.

6. డబ్బు లెక్క

2025 డిసెంబర్ నాటికి భారత్‌లో ఎం4 మినీ ప్రకటిత ధరలు ఇవి: 16/256 (16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్) మోడల్ 59,900 రూపాయలు, 16/512 మోడల్ 79,900, 24/512 మోడల్ 99,900, ఎం4 ప్రో మొదలయ్యేది 1,49,900. ఒక్కో మెట్టుకు 20 వేలు. విద్యార్థులకు, టీచర్లకు మొదటిది 49,900కే ఇస్తారు, నా ఉద్దేశంలో యాపిల్ అమ్మేవాటిలో ఇంతకు మించిన బేరం లేదు. ఇంట్లో కాలేజీలో చదివేవాళ్లుంటే వాళ్ల ఐడీతో వాళ్ల కోసమే తీసుకోండి. వ్యాపారం ఉండి జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లు బిల్లు ఆ నంబర్ మీద రాయించుకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది.

"అమెరికా నుంచి మా బావ వస్తున్నాడు, తెప్పించుకుంటా" అనేవాళ్లు ఒక్కసారి లెక్కేసుకోండి. అక్కడ 599 డాలర్లు, ఇది రాసేనాటికి డాలర్ 90 రూపాయల దగ్గర ఉంది కాబట్టి సుమారు 54 వేలు, దాని మీద చాలా రాష్ట్రాల్లో సేల్స్ ట్యాక్స్. 8 శాతం అనుకుంటే 58 వేలు దాటుతుంది. ప్రయాణికులకు ఒక ల్యాప్‌టాప్ మీద ఉండే కస్టమ్స్ మినహాయింపు మినీకి వర్తించదు, ఇది ల్యాప్‌టాప్ కాదు కదా. ఆ వెయ్యీ రెండు వేల కోసం బావని ఎయిర్‌పోర్టులో నిలబెట్టడం అవసరమా?

ఇక ధర గురించిన రూమర్లు ఎందుకు వద్దన్నానంటే, ఏఐ సర్వర్ల కోసం మెమరీ మొత్తం అటు పోతుండటంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మెమరీ తయారుచేసే మైక్రాన్ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. ఈ పరిస్థితిలో యాపిల్ ధర పెంచకుండా ఉంటే అదే గొప్ప. పెంచుతుందని నేననడం లేదు, తగ్గుతుందని ఆగడం మాత్రం దండగ.

ఇంకా బడ్జెట్‌లో వేసుకోవాల్సినవి: పెట్టెలో మినీ, పవర్ కేబుల్ తప్ప ఏమీ రావు. కీబోర్డ్, మౌస్ పాతవే పనిచేస్తాయి, కానీ యూఎస్‌బీ-సి అడాప్టర్ కావాలి. పాత 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కూడా పనిచేస్తుంది, అక్షరాలు మాత్రం కొంచెం మసకగా ఉంటాయి, తెలుగు ఒత్తులు చదివేటప్పుడు అది ఇంకా తెలుస్తుంది. కుదిరితే 4కె మానిటర్ చూసుకోండి. మినీలో బ్యాటరీ ఉండదు, కరెంటు పోయే ఊళ్లలో 600 వీఏ యూపీఎస్ ఒకటి తప్పనిసరి, ఎం4 మినీ గట్టిగా పనిచేసినా 65 వాట్లు దాటదు కాబట్టి మానిటర్‌తో కలిపి హాయిగా లాగుతుంది.

7. ఇప్పుడు నిర్ణయం

మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీయండి.

కంప్యూటరే లేదు, లేదా పాతది పనికి అడ్డం పడుతోంది, అయితే ఈ వారమే కొనేయండి. ర్యామ్‌కి ఒక మెట్టు పైకి వెళ్లండి, ప్రాజెక్టులు పెరిగాయనో పిల్లలు వాడుతున్నారనో రెండేళ్లలో మీరే అంటారు. ఎం1, ఎం2 మినీ ఉండి మెమరీ ప్రెషర్ పచ్చగానే ఉంటే మీకు ఏదీ అక్కర్లేదు, ఎం5 వచ్చినా అక్కర్లేదు. 8 జీబీ ఎం1 ఎరుపులో ఉంటే ఎం4 16 జీబీకి మారినా చాలు.

ఆగాల్సినవాళ్లు కొందరున్నారు. ఇంట్లోనే ఏఐ మోడళ్లతో పొడవాటి డాక్యుమెంట్లు చదివించేవాళ్లు, ఎం4 ప్రో మీద లక్షన్నర పైన పెట్టబోతూ తొందర లేనివాళ్లు, ఇప్పటి మెషీన్‌తో ఏ ఇబ్బందీ లేక కేవలం మారుద్దామనుకుంటున్నవాళ్లు. ఆగేటట్టయితే ఒక తేదీ పెట్టుకుని ఆగండి, 2026 జూన్ అనో అక్టోబర్ అనో, మీ ఇష్టం. ఆ తేదీకి రాకపోతే అప్పుడు ఏది ఉంటే అది కొనేయాలి. తేదీ లేకుండా ఆగితే ఎం5 దాటి ఎం6 రూమర్లు మొదలవుతాయి. ఆ మధ్యలో గడవడానికి డబ్బు తక్కువగా ఉంటే సెకండ్ హ్యాండ్ ఎం1 మినీ 16 జీబీ మంచి దారి, టాహో దానికీ ఎక్కుతుంది. కొనేముందు అమ్మేవాళ్లు తమ యాపిల్ ఖాతా తీసేసి, మొత్తం చెరిపేసి, మీ ముందే మొదటి సెటప్ స్క్రీన్ చూపించాలి. పాత యజమాని ఖాతాకే కట్టేసి ఉంచే యాక్టివేషన్ లాక్‌తో వచ్చిన మినీ ఎందుకూ పనికిరాదు.

8. కొత్తది ప్రకటించిన రోజు

ప్రకటన వీడియో చూడకపోయినా ఫర్వాలేదు, నేరుగా స్పెసిఫికేషన్ల పేజీకి వెళ్లి మొదటి మోడల్‌లో ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత, భారత్ ధర ఎంత అన్నవి చూడండి. ఆ మూడూ మారకుండా చిప్ మాత్రమే మారి ఉంటే అది చిన్న అప్‌గ్రేడ్. అదే ధరకు 512 జీబీ ఇస్తే మాత్రం పెద్ద సంగతి, పాతది కొనబోతున్నవాళ్లు చేయి వెనక్కి తీసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ వేగం మీద స్వతంత్రంగా పరీక్షించినవాళ్ల రిపోర్టులు వచ్చేదాకా ఓ వారం ఆగండి, ఎం2తో జరిగింది మళ్లీ జరగదని గ్యారంటీ లేదు.

యాపిల్ సైట్ నుంచి పాత మోడల్ అదే రోజు మాయమవుతుంది, కానీ బయటి షాపుల్లో, ఆన్‌లైన్‌లో స్టాక్ ఇంకొన్నాళ్లు ఉంటుంది. అప్పుడు తిరగాల్సింది 24 జీబీ మోడళ్ల కోసం, వాటిని అడిగేవాళ్లు తక్కువ కాబట్టి మిగిలిపోయే అవకాశం ఎక్కువ. 24/512 మీద పదిహేను, ఇరవై వేలు తగ్గించి ఇస్తే బేరం ఆడకుండా తీసేసుకోండి. తగ్గింపు 16/256 మీద మాత్రమే ఉండి అది నాలుగైదు వేలు దాటకపోతే కొత్తదే తీసుకోండి.